మొగురం కాలికింద రాయి

జొన్నచేలో మంచె వేసేటప్పుడు పునాది సంగతి ఎవరికీ పట్టదు. నాలుగు గుంజలు పాతి పైన తడక పరిస్తే సరి. పిట్టలు తోలడానికి ఆ ఒక్క పంటకాలం నిలబడాలి, తర్వాత చెద తిన్నా రైతుకు చింత లేదు. ఇల్లు అట్లా కాదు. ఆదిలాబాద్ అడవుల టేకుతో కట్టిన పాత భవంతి ఇళ్లల్లో మొగురాన్ని, అంటే దూలాలు మోసే స్తంభాన్ని, మట్టిలో పాతకుండా చెక్కిన రాతిదిమ్మె మీద నిలబెట్టారు. దూలాల బరువే దాన్ని కదలనివ్వదు. నేల తడి కట్టెకెక్కదు. చెద పైకి పాకినా, రాయి మీద దాని మట్టిదారి కంటికి కనబడుతుంది. గ్రానైటుకు పేరుబడ్డ కరీంనగర్ వైపు రాయికి కొదవేముంది!

తర్వాత సిమెంటు వచ్చింది. 1824లో ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పేటెంటు తీసుకున్న ఆ పొడి, మన దేశంలో 1914లో పోర్‌బందర్‌లో పెద్ద ఎత్తున తయారవడం మొదలైంది. ఆదిలాబాద్, కరీంనగర్ వైపు సున్నపురాయీ ఉంది, పక్కనే సింగరేణి బొగ్గూ ఉంది. అందుకే మంచిర్యాల, బసంత్‌నగర్, దేవాపూర్‌లలో ఫ్యాక్టరీలు లేచాయి. డంగుసున్నం గానుగలు మూలపడ్డాయి.

ఇక పునాది లోతు సంగతి. చలిదేశాల్లో నేల గడ్డకట్టే లోతును చూసి గుంత తీస్తారు. మనకు ఆ బాధ లేదు గానీ ఆదిలాబాద్ నల్లరేగడి ఉంది. ఎండకు చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది, వానకు ఉబ్బి పైనున్నదాన్ని ఎత్తేస్తుంది. దీనికి విరుగుడుగా రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అడుగున గడ్డలా ఉబ్బిన కాంక్రీటు స్తంభాన్ని (పైలును) అభివృద్ధి చేసింది. తడి మారని లోతుకు, అంటే సుమారు మూడున్నర మీటర్లకు దాన్ని దింపుతారు.

ఇప్పుడు ఫామ్‌హౌసుల్లో, రిసార్టుల్లో ఆరుబయట చెక్క డెక్కులు వేస్తున్నారు. గుంత తీసి, బెడ్డు పోసి, ఇనుప జాలి పెట్టేదాకా మేస్త్రీలకు కొట్టినపిండే. తీరా టేకు గుంజను పచ్చి కాంక్రీటులోనే దింపేస్తున్నారు. గట్టిగా ఉంటుందని వాళ్ల లెక్క. కట్టె ఎండి ముడుచుకుంటుంది, సందులో వాననీళ్లు నిలుస్తాయి, కాలు కుళ్లుతుంది. పాత వడ్రంగి ఈ పని చేసేవాడు కాదు. ఇప్పుడూ అదే దారి: కాంక్రీటు దిమ్మెను నేలకు జానెడు పైకి లేపి, తల కాస్త వాలుగా తీర్చి, ఇనుప పాదం బిగించి, కట్టె అడుగున గాలి ఆడేలా అంగుళం సందు వదలాలి.