వోల్టేజీ తగ్గిన పల్లెల్లో వాల్వుల మైకు సెట్టు

కొడిమ్యాల, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలున్న పాత కరీంనగర్ జిల్లాలో పెండ్లికైనా, జాతరకైనా, ఒగ్గుకథకైనా, ఎన్నికల సభకైనా మైకు సెట్టు తప్పనిసరి అయిన కాలమూ, ఊళ్లకు కరెంటు చేరిన కాలమూ దాదాపు ఒకదాన్నొకటి ఆనుకొని సాగాయి. అందువల్ల ఆ సెట్టు ఉన్నట్టుండి బలం కోల్పోయినప్పుడు దోషాన్ని వెతికే పద్ధతి పెట్టెలోని వాల్వులతో ఎంత ముడిపడి ఉందో, పెట్టె బయటి విద్యుత్తు చరిత్రతోనూ అంతే ముడిపడి ఉంది.

వాల్వు అంటే గాలి తీసేసిన గాజు గొట్టం. దానిలోని ఫిలమెంటు వేడికి కాథోడు నుంచి వెలువడ్డ ఎలక్ట్రాన్లు ప్లేటు వైపు ప్రవహిస్తుంటే, నడుమనున్న గ్రిడ్డు అనే సన్నని తీగవలకు అందిన చిన్న సంకేతం ఆ ప్రవాహాన్ని పెద్ద ఎత్తున హెచ్చిస్తూ, తగ్గిస్తూ ఉంటుంది. శబ్దం బలపడటానికి మూలం ఇదే. లీ డి ఫారెస్ట్ 1906లో గ్రిడ్డును చేర్చగా, 1936లో ఆర్‌సీఏ సంస్థ తెచ్చిన 6ఎల్6 వంటి పవర్ వాల్వులు సభల యాంప్లిఫైయర్లలోనూ, ఆ తర్వాత ఫెండర్ వంటి గిటారు యాంప్లిఫైయర్లలోనూ కుదురుకున్నాయి. కాబట్టి ఊరి మైకు సెట్టు, విదేశీ గిటారు యాంప్లిఫైయరు ఒకే కుదురు నుంచి వచ్చినవే, వాటికి వచ్చే జబ్బులూ చాలావరకు ఒక్కటే.

మైకు సెట్టుకు తోడుగా రేడియో కూడా ఊళ్లోకి వచ్చింది. 1935లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చిన హైదరాబాద్ దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. తర్వాతి దశాబ్దాల్లో పంచాయతీ రేడియోలు పల్లె జనానికి వార్తలనూ, వ్యవసాయ కార్యక్రమాలనూ వినిపించాయి. ఇక మైకు సెట్టు విషయానికొస్తే, కరెంటు లేని చోట వాల్వు యాంప్లిఫైయరును లారీ బ్యాటరీతో నడపాలంటే వైబ్రేటరు కావాలి. బ్యాటరీ ఇచ్చే ఏకముఖ విద్యుత్తును ట్రాన్స్‌ఫార్మరు పెంచలేదు గనుక, సన్నని ఇనుప రేకు సెకనుకు దాదాపు వంద సార్ల లెక్కన కొట్టుకుంటూ ఆ ప్రవాహాన్ని తెంచి కలుపుతుంది. ఆ రేకు కొసలు కాలి అంటుకుపోతే బ్యాటరీ నిండుగా ఉన్నా సెట్టు మూగబోతుంది.

తర్వాత ఊళ్లకు కరెంటు వచ్చిన సంగతి: 1959లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ మండలి ఏర్పడింది. 1970లో సిరిసిల్లలో సహకార విద్యుత్ సరఫరా సంఘం, జనం నోట ‘సెస్’, మొదలైంది. దేశంలో తొలి విడతగా ఏర్పడ్డ ఐదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల్లో అదొకటి. బావుల మీద ఆధారపడ్డ ఈ ప్రాంతంలో పంపుసెట్లు పెరగడం, సిరిసిల్లలో మరమగ్గాలు విస్తరించడం ప్రజల బతుకుకు చేసిన మేలు చెప్పనలవి కాదు. కానీ చాలా మోటార్లు ఒక్కసారిగా నడిచినప్పుడు లైను చివరి ఊళ్లలో వోల్టేజీ పడిపోవడమూ దాని వెంటే వచ్చింది. వాల్వు సెట్టును ఇది దెబ్బ తీసే తీరు లెక్కకు అందుతుంది. 230 వోల్టులకు తయారైన సెట్టుకు 170 వోల్టులే అందితే, 6.3 వోల్టుల ఫిలమెంటుకు దాదాపు 4.7 వోల్టులే చేరుతాయి. ప్లేటు వోల్టేజీ కూడా నాలుగో వంతు తగ్గుతుంది. సామర్థ్యం వోల్టేజీ వర్గాన్ని అనుసరించి పడిపోతుంది గనుక, 40 వాట్ల సెట్టు సుమారు 22 వాట్లకు దిగుతుంది. చల్లారిన ఫిలమెంటు వల్ల ఇంకా తగ్గుతుంది. వాల్వు పాడైందని కొత్తది కొనడం అలాంటప్పుడు డబ్బు దండుగ.

అందుకే సరైన క్రమం లైను వోల్టేజీ కొలవడంతో మొదలవుతుంది. తర్వాత చూడవలసింది ఫ్యూజు: గాజు లోపల నల్లగా మసి పట్టి ఉంటే షార్టు జరిగిందని, తీగ మాత్రమే మెత్తగా తెగి ఉంటే అధికభారమో, వయసో కారణమని ఎక్కువసార్లు నిర్ణయించవచ్చు. ఫిలమెంట్లు వెలుగుతున్నా శబ్దం రాకపోతే, ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ వాల్వును పరీక్షించాలి. జంటగా పనిచేసే రెండు పవర్ వాల్వుల్లో ఒకటి చచ్చిపోతే శబ్దం పూర్తిగా ఆగదు, సన్నబడి చెదిరిపోతుంది. అన్నిటికంటే ఎక్కువ మోసగించేది కప్లింగ్ కండెన్సర్ లీకేజీ. ముందు దశలోని అధిక వోల్టేజీని ఆపి సంకేతాన్ని మాత్రమే పోనివ్వాల్సిన ఆ భాగం కారుతూ ఉంటే గ్రిడ్డుకు ధన వోల్టేజీ చేరి, వాల్వు అదుపు తప్పి, లోపలి ప్లేటు నిప్పుకణికలా ఎర్రబడుతుంది. కండెన్సరును మార్చకుండా వాల్వు మాత్రమే మారిస్తే కొత్త వాల్వు కూడా అదే దారి పడుతుంది. స్విచ్చి ఆపిన తర్వాత కూడా ఫిల్టరు కండెన్సర్లు ప్రాణాంతకమైన వోల్టేజీని పట్టి ఉంచుతాయి కాబట్టి, వాటిని రెసిస్టరు ద్వారా ఖాళీ చేసి, మీటరుతో సున్నా అని నిర్ధారించుకున్న మీదటే చేయి పెట్టాలి. స్పీకరు తగిలించకుండా సెట్టును నడపడం మరో పెద్ద తప్పు, దానివల్ల ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చు.

1954లో స్థాపితమైన భారత్ ఎలక్ట్రానిక్స్ 1960ల్లో దేశంలోనే వాల్వులు తయారు చేయడంతో సరఫరా సులువైంది. అంతలోనే ట్రాన్సిస్టరు రంగంలోకి వచ్చింది; తక్కువ వోల్టేజీతో, బ్యాటరీ మీదే నేరుగా నడిచే సెట్టు పల్లెకు తగినదని కొనేవారికి తేలడంతో వాల్వుల పెట్టెలు అటకలెక్కాయి. నేడు వాల్వులు ప్రధానంగా గిటారు వాయించేవారి కోసం రష్యా, స్లోవాకియా, చైనాల నుంచి వస్తున్నాయి. 2016లో కొత్త జిల్లాలుగా ఏర్పడ్డ జగిత్యాల, రాజన్న సిరిసిల్ల ప్రాంతాల్లో ఆ పాత పెట్టెలను నడిపిన, బాగుచేసిన మెకానిక్కులు జ్ఞాపకశక్తి ఉండగానే తమ విద్యను చెప్పుకొనేలా చూడాల్సిన బాధ్యత స్థానిక చరిత్రకారులదీ, కళాశాలలదీ. ఆ పెట్టెలను తుక్కు కింద అమ్మకముందే ఈ పని జరగాలి.