సముద్రం దాటిన మన ఊళ్లు

మలేషియాలోని కెడా రాష్ట్రాన్ని చోళులు కడారం అన్నారు. తమిళులు ఆ ముచ్చట ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు, చెప్పుకోవాలి కూడా. మన పేర్లూ సముద్రాలు దాటాయి, కానీ మనం వాటిని పట్టించుకోం. తొర్రూరులో కూర్చుని పటం చూస్తుంటే నాకు అదే బాధ.

అమెరికాలో ఒహాయో నది ఒడ్డున, ఇల్లినాయిస్‌లో గోల్కొండ అనే ఊరుంది. మొదట దాని పేరు సారాస్‌విల్. 1817లో మార్చారు. నెవాడాలోనూ ఒక గోల్కొండ ఉంది, అది గనుల ఊరు. మా వరంగల్ కాకతీయులు మట్టికోటగా మొదలుపెట్టారని చెప్పే ఆ గుట్ట పేరు, కుతుబ్‌షాహీల కాలంలో అంతులేని సంపదకు మారుపేరైంది. నిజానికి వజ్రాలు దొరికింది అక్కడ కాదు. కృష్ణ ఒడ్డున కొల్లూరు లాంటి చోట్ల కూలీలు మట్టి తవ్వి, కడిగి, ఆరబెట్టి, జల్లించి ఏరేవారు. గోల్కొండ వాటి సంత. పేరు సంతకే దక్కింది, కొల్లూరుకు దక్కలేదు.

నన్ను ఎక్కువ కదిలించేది కోరంగి. కాకినాడ దగ్గర ఓడలు కట్టిన రేవు అది. 1839 తుపాను దాన్ని ముంచేసింది. ఆరేళ్లకు, 1845లో, 'కొరింగా ప్యాకెట్' అనే ఓడ ఆస్ట్రేలియా తూర్పున కోరల్ సముద్రంలో పగిలింది. అక్కడి దీవులను నేటికీ కొరింగా దీవులంటారు. బర్మా వెళ్లిన తెలుగు కూలీలందరినీ, ఏ ఊరివాళ్లయినా సరే, కోరంగీలనే పిలిచారు.