ఎరుపు, నలుపు, ఒక సున్నా

జూదశాల నడిపేవాడు తన వాటాను తానే తగ్గించుకున్నాడంటే ఎవరూ నమ్మరు. రూలెట్ చరిత్రలో అసలు మలుపు మాత్రం అక్కడే ఉంది. పద్దెనిమిదో శతాబ్దం చివర పారిస్‌లోని పాలె రాయాల్ జూదశాలల్లో తిరిగిన చక్రం మీద 1 నుంచి 36 దాకా అంకెలతో పాటు ఒక సున్నా, ఒక జంట సున్నా ఉండేవి. ఫ్రాన్స్ ప్రభుత్వం 1837 చివరితో జూదశాలలన్నిటినీ మూయించింది. ఫ్రాన్స్వా బ్లాంక్, లూయీ బ్లాంక్ అనే కవల సోదరులు సరిహద్దు దాటి, హెస్సె-హోంబుర్గ్ అనే చిన్న జర్మన్ సంస్థానంలో 1841లో బల్లలు వేశారు. చుట్టుపక్కల బాడెన్-బాడెన్, వీస్‌బాడెన్ లాంటి పేరుమోసిన పోటీదారులు ఉన్నారు. జనాన్ని తమ వైపు తిప్పుకోవడానికి వాళ్లు చక్రం మీద నుంచి జంట సున్నాను తీసేశారు. ఒక్క గడి పోయింది, అంతే. ఫ్రాన్స్వా బ్లాంక్ చనిపోయేనాటికి యూరప్ ధనవంతుల్లో ఒకడు.

ఆ గడి విలువెంతో చూడాలి. ఒక అంకె మీద పందెం కాసి గెలిస్తే 35 రెట్లు ఇస్తారు. చక్రం మీద 36 గడులే ఉంటే అది న్యాయమైన బేరం, ఎవరికీ లాభం లేదు, నష్టం లేదు. సున్నాతో గడులు 37 అవుతాయి, చెల్లింపు మాత్రం 35 దగ్గరే ఆగుతుంది. ఆ తేడాయే జూదశాలకు కూలి: కాసిన ప్రతి 100 ఫ్రాంకులకు సగటున 2 ఫ్రాంకుల 70 సెంటీములు. రెండు సున్నాలుంటే 5 ఫ్రాంకుల 26. ఎరుపు-నలుపు, సరి-బేసి లాంటి పందేల్లో సున్నా పడినప్పుడు పందేన్ని ఆ ఆటకు నిలిపి ఉంచి, మరుసటి ఆటలో గెలిస్తే తిరిగిచ్చే పద్ధతి కూడా వచ్చింది. దాంతో ఆ పందేల మీద కూలి 1.35కి దిగింది. గోళీ ఎక్కడ పడుతుందన్నది అదృష్టం. పడ్డాక ఎంత చెల్లించాలన్నది ముందే రాసుకున్న లెక్క. జూదశాల బతికేది రెండోదాని మీద. రెండు వందల ఏళ్లుగా జూదరులు కనిపెట్టిన ఎత్తులన్నీ మొదటిదాని మీద గురిపెట్టినవే. అందుకే వాటికి జూదశాలలు భయపడలేదు సరికదా, మేపాయి.

ఈ మాట అతిశయోక్తిలా అనిపిస్తుంది కనుక ఆ ఎత్తుల్లో పెద్దదాన్ని లెక్కకు పెడదాం. మార్టింగేల్ అంటే ఓడిన ప్రతిసారీ పందెం రెట్టింపు చేయడం. ఎప్పుడో ఒకసారి గెలవక తప్పదు, గెలిచిన క్షణాన పోయినదంతా వచ్చి, మొదటి పందెమంత లాభం మిగులుతుంది. ఇది రూలెట్ కన్నా పాతది. ఇటాలియన్ సాహసికుడు కాసనోవా 1754 ప్రాంతంలో వెనిస్‌లో పేకాట బల్ల దగ్గర ఇదే పట్టాడని ఆయన ఆత్మకథే చెబుతుంది, చివరికి అంతా పోగొట్టుకున్నాడని కూడా. పందొమ్మిదో శతాబ్దంలో మొనాకోలోని మాంటీ కార్లో జూదశాలలో ఎరుపు-నలుపుల మీద కనీస పందెం 5 ఫ్రాంకులు, గరిష్ఠం 6,000. 5తో మొదలుపెట్టి రెట్టింపు చేస్తూ పోతే పదకొండో పందెం 5,120. పన్నెండోది 10,240 కావాలి, దానికి బల్ల ఒప్పుకోదు. అప్పటికి పోయింది మొత్తం 10,235 ఫ్రాంకులు, గెలిస్తే వచ్చేది అయిదు. వరసగా పదకొండుసార్లు ఓడిపోవడం ఎంత అరుదు? సున్నాను కూడా ఓటమిగానే లెక్కిస్తే, 1,527 దఫాల్లో ఒకసారి. మిగిలిన 1,526 దఫాల్లో అయిదేసి ఫ్రాంకుల చొప్పున 7,630 గెలిచి, ఆ ఒక్క దఫాలో 10,235 ఇచ్చేస్తాడు. నిలుపుడు పద్ధతితో నష్టం కొంత తగ్గుతుంది, దిక్కు మారదు. మార్టింగేల్ నష్టాన్ని పోగొట్టదు. దాన్ని చిన్న చిన్న గెలుపుల వెనక దాచి, ఒకేసారి బాకీ వసూలు చేస్తుంది. వారాల తరబడి రోజూ గెలుస్తున్నవాడు తన ఎత్తు పనిచేస్తోందనే అనుకుంటాడు. అసలుకే ఎసరు వచ్చిన రాత్రి, దురదృష్టమని సరిపెట్టుకుంటాడు.

మిగిలినవి దీని మరదళ్లే. ఓడితే ఒక మెట్టు ఎక్కి, గెలిస్తే ఒక మెట్టు దిగే పద్ధతికి డాలంబేర్ పేరు పెట్టారు. ఆ గణితవేత్త 1754లో ఫ్రెంచి విజ్ఞాన సర్వస్వంలో నాణెం ఎగరేయడం గురించి రాస్తూ, రెండుసార్లలో ఒక్కసారైనా బొమ్మ పడే అవకాశం మూడింట రెండు అన్నాడు. నిజానికది నాలుగింట మూడు. అంత పెద్దవాడు తప్పటడుగు వేసిన చోటనే జూదరులు ఆయన పేరును ఆసరా చేసుకోవడం తమాషాగా ఉంటుంది. బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు, పత్రికాధిపతి హెన్రీ లాబుషేర్ పేరు మీద చలామణీ అయ్యేది మరీ ముచ్చటైన ఎత్తు: కాగితం మీద వరసగా కొన్ని అంకెలు రాసుకోవాలి, మొదటిదీ చివరిదీ కలిపితే వచ్చినంత పందెం కాయాలి, గెలిస్తే ఆ రెంటినీ కొట్టేయాలి, ఓడితే పోయిన మొత్తాన్ని చివర చేర్చాలి. అంకెలన్నీ కొట్టేస్తే ఆట ముగిసినట్టు. చేతిలో పెన్సిల్ ఉన్నవాడికి తాను జూదమాడుతున్నట్టు అనిపించదు, ఏదో పద్దులు రాసుకుంటున్నట్టు ఉంటుంది. బల్ల దగ్గర గంటలకొద్దీ కూర్చోబెట్టడానికి అంతకన్నా మంచి సాధనం లేదు. మొనాకోలో పడిన అంకెల జాబితాలను పత్రికల్లో అచ్చు వేసి అమ్మేవారు కూడా. ఎత్తులు నిజంగా ప్రమాదమైతే ఇదంతా జరగనిచ్చేవాళ్లా?

దీనికి ఎదురుగా ఒక గట్టి ప్రశ్న ఉంది. ఎత్తులు అంత పనికిమాలినవైతే గరిష్ఠ పరిమితి దేనికి? రెట్టింపు చేసేవాణ్ని చూసి భయపడే కదా అది పెట్టింది? హోంబుర్గ్ అనుభవం ఇందుకు జవాబు చెబుతుంది. నెపోలియన్ తమ్ముడి కొడుకు, కానినో రాకుమారుడు షార్ల్ లుసియెన్ బోనపార్ట్, 1852లో అక్కడికి వచ్చి కొద్ది రోజుల్లోనే పెద్ద మొత్తాలు గెలుచుకుపోయాడు. బ్లాంక్ సోదరులకు చెమటలు పట్టాయి. ఆయన పట్టిన ఎత్తు గొప్పదని కాదు, ఆయన పందేలు పెద్దవని. శాతం ఎంత అనుకూలంగా ఉన్నా అది ఫలించడానికి వేల ఆటలు కావాలి. ఆ లోపు ఒక్క బరువైన చేయి ఖజానాను ఖాళీ చేయగలదు. గరిష్ఠ పరిమితి జూదశాలను కాపాడేది గణితం నుంచి కాదు, తొందరపాటు నుంచి. సగటు తన పని చేసేందుకు అది వ్యవధి ఇస్తుంది. అపరిమితమైన సొమ్ము, అపరిమితమైన కాలం ఉన్నవాడికి మార్టింగేల్ పనిచేసే మాట నిజమే. అంత సొమ్మున్నవాడికి అయిదు ఫ్రాంకుల లాభంతో పనేముంటుందో తెలియదు.

మరో నమ్మకం ఇంతకన్నా లోతైనది: వరసగా నలుపు పడుతుంటే ఎరుపు బాకీ ఉన్నట్టే అని. 1913 ఆగస్టు 18న మాంటీ కార్లోలో ఒక బల్ల మీద నలుపు వరసగా 26 సార్లు పడింది. పదిహేను దాటాక జనం ఎరుపు మీద ఎగబడ్డారు, రెట్టింపులూ మూడింతలూ పెంచారు, జూదశాల లక్షలు మూటగట్టుకుంది. ఫలానా ఒక రంగు ఫలానా 26 ఆటల్లోనూ పడే అవకాశం సుమారు 13.7 కోట్లలో ఒకటి. కానీ 25 సార్లు పడిపోయాక ఇరవయ్యారోసారి పడే అవకాశం ఎప్పటిలాగే 37లో 18. దంతపు గోళీకి జ్ఞాపకం ఉండదు, పాత పద్దు తీర్చాలన్న పట్టింపూ ఉండదు. ఇక్కడే ఇంగ్లిష్ గణాంకవేత్త కార్ల్ పియర్సన్ కథ చెప్పుకోవాలి. 1894లో ఆయన మొనాకో పత్రికలో అచ్చయిన రూలెట్ ఫలితాలు వేలకొద్దీ తీసుకుని పరీక్షించాడు. ఎరుపు-నలుపుల మొత్తాలు సరిగానే ఉన్నాయి. వరసలు మాత్రం ఉండాల్సినట్టు లేవు: రంగు ఒక్కసారి పడి మారిపోయిన సందర్భాలు మితిమీరి ఉన్నాయి. ఇది యాదృచ్ఛికం అయ్యే అవకాశం దాదాపు శూన్యమని తేల్చి, జూదశాలలను మూసి ఆ సొమ్ము విజ్ఞానశాస్త్రానికి ఇవ్వమన్నాడు. చక్రంలో మోసం లేదని, విలేకరులే బద్ధకించి బల్ల దగ్గరికి వెళ్లకుండా అంకెలు అల్లి పంపేవారని తర్వాత చెప్పుకొన్నారు. అదే నిజమైతే, కూర్చుని అల్లే మనిషి వరసగా అయిదారు నలుపులు రాయడానికి జంకుతాడు, రంగు మార్చేస్తాడు. 1913లో ఎరుపు మీద ఎగబడిన జనం బుర్రలో ఉన్నదీ ఆ జంకే.

మరి గెలిచినవాళ్ల సంగతి? ముందు చెప్పాల్సిన పేరు జోసెఫ్ జాగర్‌ది. యార్క్‌షైర్ బట్టల మిల్లుల ప్రాంతం మనిషి, యంత్రాలు ఎరిగినవాడు. ఏ కదురూ అచ్చంగా సమంగా తిరగదని అతనికి తెలుసు. 1881లో మాంటీ కార్లోకి వెళ్లి, మనుషుల్ని పెట్టి రోజుల తరబడి అంకెలు రాయించి, ఒక చక్రం కొన్ని గడుల వైపు మొగ్గుతోందని పట్టాడు. ఆ అంకెల మీదే కాశాడు, అప్పటి లెక్కల్లో పెద్ద సంపద గెలిచాడు. జూదశాల రాత్రికి రాత్రి చక్రాలను బల్లలు మార్చిందని, ఓడుతున్న జాగర్ తన చక్రం మీది ఒక సన్నని గీత లేకపోవడం గమనించి, దాన్ని వెతుక్కుంటూ వేరే బల్లకు వెళ్లాడని కథ. చివరికి గడుల మధ్య రేకుల్ని రోజూ స్థానాలు మార్చే ఏర్పాటు చేశాకే ఆట కట్టిందట. కథలో కొంత మసాలా ఉండవచ్చు. కానీ విషయం స్పష్టం: జాగర్ పందేల వరసను మార్చి గెలవలేదు, కర్రనీ ఇనుమునీ చదివి గెలిచాడు. 1947లో అమెరికాలోని రీనోలో ఆల్బర్ట్ హిబ్స్, రాయ్ వాల్‌ఫర్డ్ అనే విద్యార్థులు చేసిందీ, 1961లో గణితవేత్తలు ఎడ్వర్డ్ థార్ప్, క్లాడ్ షానన్ ఒంటికి తగిలించుకునే చిన్న కంప్యూటరుతో గోళీ వేగాన్ని కొలిచి చేసిందీ అదే. జూదశాలల ప్రతిస్పందన చూడండి: పెన్సిల్ పట్టుకున్నవాడికి కుర్చీ వేశారు, గోళీ వేగం కొలిచేవాడి మీద నెవాడా 1985లో చట్టం చేసింది.

ఈ తేడా మన కథల్లోనూ ఉంది. నలుడు జూదంలో పుష్కరుడితో ఓడిపోయి, అడవులు పట్టి, ఋతుపర్ణుడి దగ్గర అక్షహృదయమనే పాచికల విద్య నేర్చుకుని, తిరిగి వచ్చి గెలిచాడు. ఒక కొమ్మకున్న ఆకుల్నీ కాయల్నీ చూపుతో లెక్కగట్టగలిగిన ఋతుపర్ణుడి సంఖ్యాజ్ఞానం అక్కడ పనికొచ్చింది, ఎందుకంటే ఎదుట కూర్చున్నది పుష్కరుడు. మనిషికి మనిషి ఎదురైన ఆటలో ఒకడి తెలివి మరొకడి నష్టం. రూలెట్‌లో పుష్కరుడు లేడు. చెల్లింపు పట్టిక ఉంది. గోదావరి జిల్లాల్లో సంక్రాంతి బరుల పక్కన గుండాట బల్ల వేసినవాడూ ఏ గడి మీదా పందెం కాయడు.

చార్లెస్ వెల్స్ 1891లో మాంటీ కార్లో బ్యాంకును బద్దలు కొట్టాడని లండన్ సంగీతశాలల్లో పాట కట్టి పాడారు. బద్దలు కొట్టడమంటే జూదశాల దివాలా తీయడం కాదు. ఆ ఒక్క బల్లకు ఆ పూట కేటాయించిన నగదు అయిపోవడం. అప్పుడు బల్ల మీద నల్లగుడ్డ కప్పుతారు, చావింట్లో కప్పినట్టు. జనం చుట్టూ మూగుతారు. లోపలి నుంచి డబ్బు తెచ్చాక గుడ్డ తీసి మళ్లీ చక్రం తిప్పుతారు. ఇంతటి ప్రకటన ఏ వార్తాపత్రికలో కొనగలరు? వెల్స్ తన ఎత్తు గొప్పదన్నాడు. అతను నిజానికి లేని యంత్రాల పేటెంట్ల పేరుతో జనం దగ్గర సొమ్ము గుంజిన మోసగాడు, 1893లో ఎనిమిదేళ్ల శిక్ష పడింది. గెలిచిన సొమ్మూ నిలవలేదు.

నూటికి మూడైనా లేని కూలికి ఇంత రాద్ధాంతమా అని అడగొచ్చు. అది రోజుకు మూడు శాతం కాదు, ఆటకు మూడు శాతం. గంటకు 40 ఆటల్లో అయిదేసి ఫ్రాంకులు అంకెల మీద కాసినవాడు 200 ఫ్రాంకులు తిప్పుతాడు, సగటున 5 ఫ్రాంకుల 40 పోతుంది. ఆ చిల్లర మీద ఒక రాజ్యం నిలబడింది. మెంటన్, రోక్‌బ్రూన్ పట్టణాలను 1861లో ఫ్రాన్స్‌కు 40 లక్షల ఫ్రాంకులకు వదులుకున్నాక మొనాకోకు మిగిలింది ఒక బండ, దాని చుట్టూ కొంత నేల. 1863లో ఫ్రాన్స్వా బ్లాంక్ అక్కడ జూదశాల హక్కు కొన్నాడు. 1868లో రైలు వచ్చింది. 1869లో రాజు మూడో షార్ల్ తన పౌరులకు ప్రత్యక్ష పన్నులు రద్దు చేశాడు. ఆ పౌరులకు మాత్రం జూదశాలలో ఆడే అనుమతి లేదు. బ్లాంక్ అనే పేరుకు ఫ్రెంచిలో తెలుపు అని అర్థం. ఎరుపు గెలవొచ్చు, నలుపు గెలవొచ్చు, ఎప్పుడూ గెలిచేది తెలుపేనని అప్పట్లో జనం నవ్వుకునేవారు.

గెలుస్తుండగా లేచిపోతే సరి అనే సలహా ఒకటి మిగిలింది. లేచినవాడు రేపు మళ్లీ కూర్చుంటే, చక్రానికి అది కొత్త ఆట కాదు, నిన్నటి ఆటకు కొనసాగింపే. ఎన్నటికీ తిరిగి రానివాడి విషయంలో మాత్రమే ఆ సలహా నిజం. బ్లాంక్ తీసేసిన జంట సున్నా అమెరికాలో ఏనాడూ పోలేదు. 2016లో లాస్ వెగాస్‌లో మూడో సున్నా గడి కూడా చేరింది. గడులు 39, చెల్లింపు 35 రెట్లే, నూటికి 7.69 కూలి. ఆ బల్లల పక్కన నిలువుగా ఒక పలక వెలుగుతుంటుంది. దాని మీద గత ఇరవై ఆటల్లో పడిన అంకెలు ఎర్రగా, నల్లగా, అక్కడక్కడా పచ్చగా కనిపిస్తాయి. జనం వాటిని చూసి లెక్కలు వేసుకుంటుంటారు. ఆ పలకకు, దాని కరెంటుకు డబ్బు కట్టేది జూదశాలే.