చేతివృత్తుల్లో ఉపాధి: అభ్యసన ఇబ్బందులు, వ్యసన సమస్య ఉన్నవారికి చట్టం ఇచ్చే రక్షణ, పనిచోట కావలసిన ఏర్పాట్లు

వడ్రంగం, తాపీ పని, కుట్టుపని, పుస్తకాల బైండింగ్, తోటపని వంటి వృత్తుల్లో మనిషి నేర్పును తేల్చేది అతడు చేసి చూపిన పనే. బడి చదువు సాగని యువతకూ, మద్యం లేదా మాదకద్రవ్యాల వ్యసనం నుంచి కోలుకుంటున్నవారికీ ఈ వృత్తులు తొలి ఆశగా కనిపించడానికి కారణం ఇదే. అయితే ఈ ఇద్దరినీ ఒకే గాటన కట్టి, జాలితో పనిలో పెట్టుకుని, సగం కూలి చేతిలో పెట్టే ధోరణి మన పనిశాలల్లో కొత్తది కాదు. వీరి అవసరాలు వేరు, వీరికి వర్తించే చట్టాలు వేరు. ఇద్దరికీ సమానంగా వర్తించవలసినది మాత్రం ఒకటున్నది: చేసిన పనికి తగిన పూర్తి వేతనం.

రెండు వేర్వేరు స్థితులు

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులోకి వచ్చింది. అది గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో మేధో వైకల్యం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం వేర్వేరుగా ఉన్నాయి. మేధో వైకల్యంలో ఆలోచన, నేర్చుకునే శక్తి, దైనందిన వ్యవహార నైపుణ్యాలు పరిమితంగా ఉంటాయి. డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యంలో తెలివితేటలకు లోటుండదు. చదవడం, రాయడం, లెక్క కట్టడం వంటివి మాత్రమే కష్టమవుతాయి. 2011 జనగణనలో మేధో వైకల్యం ఉన్నవారు సుమారు 15 లక్షలని తేలింది. అభ్యసన వైకల్యాన్ని ఆ జనగణన ప్రత్యేక వర్గంగా లెక్కించలేదు.

వ్యసనం ఈ 21 రకాల్లో ప్రత్యేకంగా లేదు. అయితే 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులను మానసిక రుగ్మత నిర్వచనంలో చేర్చింది. అంటే వ్యసనపరుడికి చికిత్స పొందే హక్కు స్పష్టంగా ఉన్నది. ఉద్యోగంలో అంతటి స్పష్టమైన రక్షణ లేదు. అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ నిర్వహించిన జాతీయ సర్వే 2019లో వెలువడింది. దేశంలో మద్యం వల్ల సమస్యలు ఎదుర్కొంటూ సహాయం అవసరమైనవారు 5.7 కోట్ల మంది అని ఆ సర్వే అంచనా వేసింది. మద్యానికి బానిసలైనవారిలో ప్రతి 38 మందికి ఒక్కరే ఏదో ఒక చికిత్స పొందినట్లు తెలిపింది.

చట్టం ఎంతవరకు

దివ్యాంగుల హక్కుల చట్టంలోని 34వ సెక్షన్ ప్రభుత్వ కొలువుల్లో 4 శాతం రిజర్వేషన్ కల్పించింది. ఇందులో ఒక శాతం ఆటిజం, మేధో వైకల్యం, అభ్యసన వైకల్యం, మానసిక రుగ్మత, బహుళ వైకల్యాలు ఉన్నవారందరికీ కలిపి వర్తిస్తుంది. సిబ్బందిలో కనీసం 5 శాతం మంది దివ్యాంగులు ఉండేలా చూసే ప్రైవేటు యజమానులకు ప్రోత్సాహకాలు ఇవ్వాలని 35వ సెక్షన్ చెబుతున్నది. ఉద్యోగి పరిమితికి అనుగుణంగా పనిలో సముచితమైన మార్పులు చేయడం ప్రభుత్వ సంస్థల బాధ్యత అని 20వ సెక్షన్ నిర్దేశించింది.

చేతివృత్తులవారిలో అత్యధికులు ఈ నిబంధనలు చేరని చోట, అంటే మేస్త్రీ కింద, చిన్న దుకాణంలో, రోజుకూలి మీద పనిచేస్తున్నారు. పైగా 2025 వరకు అమలులో ఉన్న 1948 నాటి కనీస వేతనాల చట్టం 26వ సెక్షన్ దివ్యాంగ కార్మికుల వేతనాలను ఆ చట్టం నుంచి మినహాయించే అధికారాన్ని ప్రభుత్వాలకు ఇచ్చింది. తక్కువ సామర్థ్యానికి తక్కువ కూలి అన్న అలవాటుకు చట్టంలోనే చోటు దొరికిందన్నమాట. నెమ్మదిగా పనిచేసేవారికి పనిముక్కను బట్టి కూలి కట్టినా, ఆ ధర మిగతా కార్మికులకు ఇచ్చేదే కావాలి.

నేర్పే పద్ధతి

మేధో వైకల్యం ఉన్నవారికి వృత్తి నేర్పేటప్పుడు ప్రత్యేక విద్యా నిపుణులు పనిని చిన్న చిన్న అంచెలుగా విడగొడతారు. ఈ రంగంలో శిక్షకులను తీర్చిదిద్దే జాతీయ సంస్థ 1984లో సికింద్రాబాద్‌లోని మనోవికాస్ నగర్‌లో ఏర్పడింది. బైండింగ్ పనినే తీసుకుంటే కాగితాలు మడవడం, వరుస పేర్చడం, కుట్టడం, జిగురు పూయడం, అట్ట వేయడం, అంచులు కత్తిరించడం విడివిడి అంచెలు. ఒక అంచె చేతికి అలవడిన తరువాతే రెండోది చూపాలి. కత్తిరించే యంత్రాన్ని చివరకు, పర్యవేక్షణలో మాత్రమే అప్పగించాలి.

మాటలతో వివరించడం కంటే చేసి చూపడం మేలు. రోజుకొకరు కాకుండా ఒక్కరే నేర్పాలి. పని వేళలు, కూర్చునే చోటు, పనిముట్ల స్థానం తరచుగా మార్చకూడదు. అభ్యసన వైకల్యం ఉన్న వడ్రంగికి టేపు మీది అంకెలు తికమక పెడితే, కావలసిన పొడవుకు కోసిన కొలకర్ర ఆ చిక్కును తీరుస్తుంది. రాసిచ్చిన చీటీకి బదులు నోటితో చెప్పి, తిరిగి చెప్పించుకుంటే పొరపాట్లు తగ్గుతాయి. ఇవేవీ ఖర్చుతో కూడినవి కావు.

వ్యసనం ఉన్నవారి విషయంలో

ఇక్కడ కావలసినది వైద్యం, సమయం, భద్రత. ఏళ్ల తరబడి ఎక్కువగా తాగినవారు వైద్య పర్యవేక్షణ లేకుండా ఒక్కసారిగా మానేస్తే చేతుల వణుకు, మూర్ఛ, మతిభ్రమ వంటి ప్రాణాపాయ స్థితులు తలెత్తవచ్చు. కనుక 'రేపటి నుంచి మానేస్తేనే పనికి రా' అనే షరతు ప్రమాదకరం. ముందు వైద్యుడి వద్దకు పంపాలి. చికిత్స తొలిదశలో పరంజా ఎక్కే పని, రంపపు యంత్రం మీద పని అప్పగించరాదు.

వ్యసనం తిరగబెట్టే స్వభావం గల రుగ్మత. ఒకసారి జారినంత మాత్రాన మనిషి చెడ్డవాడని తీర్మానించి తొలగిస్తే, అతడి కోలుకునే ఆధారమే పోతుంది. మద్యం, మాదకద్రవ్యాల సమస్యలను పనిచోట ఆరోగ్య సమస్యలుగా చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ప్రచురించిన ప్రవర్తనా నియమావళి సూచించింది. నల్లమందు సంబంధిత వ్యసనానికి బ్యుప్రెనార్ఫిన్ వంటి మందు వాడుతున్న కార్మికుడిని ఇంకా మత్తులోనే ఉన్నాడని భావించడం పొరపాటు. ఆసుపత్రికి వెళ్లే రోజు అతడికి వేళలో వెసులుబాటు ఇవ్వాలి.

కూలి చెల్లించే తీరు కూడా ముఖ్యమే. ఒకేసారి పెద్దమొత్తం నగదు చేతికి రావడం కోలుకుంటున్నవారికి గండం. కార్మికుడు కోరితే వారం వారం అతడి సొంత బ్యాంకు ఖాతాలో జమ చేయవచ్చు. అతడి సమ్మతి లేకుండా ఇతరులకు ఇవ్వడం మాత్రం తగదు. అడ్వాన్సు ఇచ్చి, ఆ బాకీ తీరేదాకా పనికి కట్టిపడేయడం 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం నేరం.

చికిత్స పేరిట చాకిరీ

కొన్ని కేంద్రాల్లో 'పనితో చికిత్స' అంటూ రోగుల చేత ఉచితంగా పని చేయించుకునే ప్రమాదం ఉన్నది. మానసిక ఆరోగ్య సంస్థలో ఉన్న వ్యక్తిని బలవంతంగా పనిచేయించరాదనీ, ఇష్టపడి చేసిన పనికి తగిన ప్రతిఫలం ఇవ్వాలనీ 2017 చట్టంలోని 20వ సెక్షన్ స్పష్టం చేసింది. కుటుంబ సభ్యులు కేంద్రంలో చేర్పించే ముందు ఆ సంస్థ రిజిస్ట్రేషన్‌ను పరిశీలించాలి.

సహాయం కోసం

వ్యసన విముక్తికి జాతీయ సహాయ కేంద్రం నంబరు 14446. మానసిక ఆరోగ్య సలహాకు టెలి మానస్ నంబరు 14416. దివ్యాంగుల విశిష్ట గుర్తింపు కార్డుకు స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. 40 శాతం, అంతకు మించిన వైకల్యం ఉన్నట్లు ధ్రువీకరణ పొందినవారికి పైన పేర్కొన్న రిజర్వేషన్ వర్తిస్తుంది.