కాళ్ళ వాపు

కాళ్ళ వాపు అనగా పాదం, చీలమండ, పిక్క భాగాలలో కణజాలాల మధ్య నీరు చేరి ఉబ్బడం. వాడుకలో దీనిని కాళ్ళకు నీరు పట్టడం అంటారు. ఇది ఒక వ్యాధి కాదు, వ్యాధి లక్షణం. గుండె, మూత్రపిండాలు, కాలేయం దెబ్బతిన్నపుడు కూడా ఇది కనిపిస్తుంది. అయితే కాలి సిరలలోని లోపం దీనికి గల ముఖ్య కారణాలలో ఒకటి.

సిరల పనితీరు

కాళ్ళలోని రక్తం గుండెకు చేరాలంటే భూమ్యాకర్షణకు ఎదురుగా పైకి ప్రయాణించాలి. నడిచేటపుడు పిక్క కండరాలు సంకోచించి లోతైన సిరలను నొక్కి రక్తాన్ని పైకి తోస్తాయి. అందువలన పిక్కను రెండవ గుండె అని కూడా అంటారు. సిరలలో ఒకవైపునకు మాత్రమే తెరచుకొనే కవాటాలు రక్తం తిరిగి క్రిందికి జారకుండా ఆపుతాయి. ఇటలీకి చెందిన ఫాబ్రిషియస్ 1603లో ఈ కవాటాలను వర్ణించాడు. అతని శిష్యుడైన విలియం హార్వే 1628లో వీటిని రక్తప్రసరణకు నిదర్శనంగా చూపాడు.

కదలకుండా నిలబడిన వ్యక్తి చీలమండ వద్ద సిరలలోని పీడనం సుమారు 90 మి.మీ. పాదరసం ఉంటుంది. నడిచినపుడు అది 30 మి.మీ. లేదా అంతకంటే తక్కువకు పడిపోతుంది. కవాటాలు చెడినవారిలో పీడనం ఇంతగా తగ్గదు. ఫలితంగా సన్నని కేశనాళికల నుండి నీరు బయటకు ఊరి వాపు ఏర్పడుతుంది.

సిరల వాపు లక్షణాలు

ఈ వాపు సాయంత్రానికి పెరిగి, రాత్రి పడుకుంటే తగ్గుతుంది. కాళ్ళు బరువుగా, లాగుతున్నట్లుగా ఉంటాయి. చర్మం క్రింద మెలికలు తిరిగిన ఉబ్బుసిరలు కనిపించవచ్చు. నిర్లక్ష్యం చేస్తే చీలమండ లోపలి వైపు చర్మం నల్లబడి, గట్టిపడి, మానని పుండు పడుతుంది. ఎక్కువసేపు నిలబడి పనిచేసేవారు, గర్భిణులు, స్థూలకాయులు, వృద్ధులలో ఈ సమస్య అధికం.

ప్రమాద సూచన

ఒక కాలు మాత్రమే హఠాత్తుగా వాచి, నొప్పి, వేడి ఉంటే లోతైన సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. శస్త్రచికిత్స, కాన్పు, దీర్ఘకాలం మంచాన పడటం, గంటల తరబడి కదలని ప్రయాణం తరువాత ఈ ప్రమాదం ఎక్కువ. గడ్డ తెగి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. అటువంటి కాలిని మర్దన చేయరాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఆయాసం, ఛాతీనొప్పి తోడైతే అది అత్యవసర పరిస్థితి.

ఇతర వాపులు

రెండు కాళ్ళూ సమంగా వాస్తే గుండె, మూత్రపిండాలు, కాలేయాలను పరీక్షించాలి. రక్తపోటుకు వాడే ఆమ్లోడిపిన్ వంటి మందుల వలన కూడా చీలమండలు వాయవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కనిపించే బోదకాలు సిరల వ్యాధి కాదు. క్యూలెక్స్ దోమ ద్వారా వ్యాపించే ఫైలేరియా పురుగులు శోషరస నాళాలను దెబ్బతీయడం వలన అది వస్తుంది.

నిర్ధారణ, చికిత్స

డాప్లర్ అల్ట్రాసౌండ్ పరీక్ష ద్వారా కవాటాల లోపాన్ని, రక్తపు గడ్డలను గుర్తిస్తారు. నడక, పిక్కల వ్యాయామం, కూర్చున్నపుడు లేదా పడుకున్నపుడు కాళ్ళను ఎత్తులో ఉంచడం, బరువు తగ్గడం మేలు చేస్తాయి. కాలిని బిగించి ఉంచే ప్రత్యేకమైన మేజోళ్ళు ఉపయోగపడతాయి. కాని ధమనులలో అడ్డంకి ఉన్నవారికి ఇవి హాని చేయవచ్చు కనుక వైద్యుని సలహాపైనే ధరించాలి. చెడిన పైసిరలను లేజర్ లేదా శస్త్రచికిత్సతో మూసివేస్తారు లేదా తొలగిస్తారు. గడ్డ ఉన్నవారికి రక్తం గడ్డకట్టకుండా చేసే మందులు ఇస్తారు. నీరు తీసే మాత్రలు సిరల లోపాన్ని సరిచేయవు, కనుక వాటిని సొంతంగా వాడరాదు.