పరలోకమను మాట – మనసీమలో దాని చరిత్ర



ఒక మతమువారి మాట మఱియొక భాషలోనికి వచ్చినప్పుడు, ఆ భాషలో నంతకుముందే యున్న తలంపులన్నియు దానిని జుట్టుకొనును. తిరుపతి, చిత్తూరు, మదనపల్లె ప్రాంతముల క్రైస్తవ సోదరులు నిత్యము పలుకు "పరలోకము" అను మాట యిట్టిది. దానిని వినఁగానే మనలోఁ బెక్కురు "చనిపోయిన పిమ్మటఁ జేరెడు చోటు" అని తలంతురు. వారి గ్రంథములోని భావ మంతమాత్రమేనా? ఈ ప్రశ్నను మనసీమ చరిత్రతో గూర్చి నేఁడు విచారింపఁదలఁచితిని. పెక్కేండ్లు బడిలోఁ దెలుఁగు సంస్కృతములు చెప్పినవాఁడను గనుక నాకు మాటలయందు మక్కువ యెక్కువ. మతమును ఖండించుటగాని, మండించుటగాని నా పని కాదు.

క్రైస్తవ బోధకులు మనసీమకు వచ్చుట యాంగ్లేయుల దొరతనముతో మొదలైనదని యనుకొనువారు కలరు. అది సరి గాదు. 1586 మొదలు 1614 వఱకు రాజ్య మేలిన వేంకటపతిదేవరాయలు చంద్రగిరిలో నుండఁగా, 1598లో మైలాపూరు సాంతోమునుండి జెసూటు సంఘపు గురువులు రాజదర్శనమునకు వచ్చిరి. రాయలు శ్రీనివాసుని భక్తుఁడు. అయినను వారి నాదరించి, కొలువులో వారి వాదములను విని, గుడి కట్టుకొనుటకు ననుమతి యొసఁగెను. నూఱేండ్లు గడచిన పిదప, 18వ శతాబ్ది తొలినాళ్లలో, ఫ్రెంచి జెసూటులు కర్ణాటక మిషను పేరఁ బుంగనూరు మొదలగు చోట్లఁ బని సాగించిరి. మధురలో రాబర్టు డి నొబిలి వేసిన బాటను బట్టి వీరు కాషాయము గట్టి, మాంసము మాని, సన్న్యాసుల తీరున మెలఁగిరి.

ఈ సంప్రదాయమువారు మన శాస్త్రములలోని "మోక్షము" అను మాటను దమ భావమునకుఁ దీసికొనిరి. నేఁటికిని తెలుఁగు కతోలికులు మరియమ్మగారి పేర ఆగస్టు 15న జరుపుకొను పండుగను "మోక్షారోపణ" మందురు. ఈ మాటకు గౌరవము కలదు, చిక్కును గలదు. మోక్షమన విడుదల. దేనినుండి విడుదల యన్నప్పుడు మనవారు జననమరణ చక్రమునుండి యందురు. క్రైస్తవులకుఁ బునర్జన్మ సిద్ధాంతము లేదు. మఱి "స్వర్గము" అందమన్న నదియుఁ గుదురదు. మన శాస్త్రములలో స్వర్గము భోగభూమి. పుణ్యము చెల్లినతోడనే మరల భూమికి దిగిరావలసినదే. శాశ్వతమని చెప్పఁదలఁచినవారి కీ మాట యెట్లు సరిపడును?

ఇట్లు మిగిలినది "పరలోకము". 1812లో శ్రీరామపురమున మూఁడు సువార్తలు తెలుఁగున నచ్చుపడెను. విశాఖపట్టణమున డెగ్రాంజెసు దొర ఆనందరాయఁడను పండితుని సాయమున వానిని సిద్ధపఱిచి యుండెను. ఆ తెలుఁగు పలుమాఱులు దిద్దఁబడెను. ఆ దిద్దుబాటులో మనసీమకును బాలు గలదు. ఆర్కాటు మిషనుకుఁ జెందిన జేకబు చాంబర్లేను 1863లో మదనపల్లెకు వచ్చి యచ్చట వైద్యమును బోధయుఁ జేయుచు, 1873 మొదలు 1894 వఱకుఁ దెలుఁగు బైబిలు సవరణ సంఘమునకు నధ్యక్షుఁడుగా నుండెను. 1908లో మదనపల్లెలోనే కన్నుమూసెను. తిరుపతి, శ్రీకాళహస్తి వైపున 1865 తరువాతి యేండ్లలోఁ బనిచేసినవారు జర్మనీ దేశపు హెర్మన్సుబర్గు లూథరనులు. సంఘములు వేఱైనను వీరందఱ గుడులలోను "పరలోకము" అను మాటయే స్థిరపడెను.

ఇప్పు డీ మాట లోఁతు చూతము. యేసు బోధను మార్కు, లూకాలు "దేవుని రాజ్యము" అని వ్రాయుదురు. అదే బోధను మత్తయి తఱచుగాఁ "బరలోకరాజ్యము" అని వ్రాయును. ఇద్దఱు చెప్పినది రెండు రాజ్యములను గూర్చి కాదు. యూదులు భక్తిచేత దేవుని పేరు నోటఁ బలుకుటకు జంకి, దానికి మాఱుగా "ఆకాశము" అను నర్థముగల మాటను వాడిరని పండితులలోఁ బెక్కురి మతము. మనలోఁ బూర్వము పెనిమిటి పేరు చెప్పని యిల్లాండ్రు "ఇంటాయన" అనలేదా? ప్రభువు పేరు పలుకక "ఏలినవారు" అనలేదా? ఇంటాయన యన్నంతనే మాట యింటిని గూర్చినది యగునా? అట్లే యిచ్చటఁ "బరలోక"మనఁగా దూరమందున్న దేశము కాదు, దేవుని యేలుబడి. ఆ యేలుబడి దగ్గఱకు వచ్చినదనియే యేసు తన బోధను మొదలిడెను.

రెండవ నిదర్శనము యోహాను సువార్త పదునాలుగవ యధ్యాయమున నున్నది. అందు రెండవ వచనమునఁ దండ్రి యింట ననేక నివాసములు గలవని యేసు శిష్యులతోఁ జెప్పును. క్రైస్తవుల యింటఁ జావు జరిగినప్పుడు తఱచుగాఁ జదువఁబడు భాగ మిది. కాని యదే యధ్యాయమున నిరువదిమూఁడవ వచనమునఁ దన్నుఁ బ్రేమించువాని యొద్దకుఁ దండ్రియుఁ దానును వచ్చి నివాసము చేతుమని చెప్పును. గ్రీకు మూలమున నీ రెండు చోట్లను గల మాట యొక్కటియే. క్రొత్త నిబంధనలో మఱెచ్చటను నా మాట రాదు. మొదటిచోట మనుష్యుఁడు దేవుని యింటికిఁ బోవును. రెండవచోట దేవుఁడు మనుష్యుని యింటికి వచ్చును. మొదటిది మరణానంతర మనుకొన్నను, రెండవది యీ బ్రదుకులోనే జరుగవలసినది. వారి గ్రంథపు టాఖరి పుటలలోను భూమినుండి పైకిఁ బోవు జనులు గారు, పైనుండి భూమికి దిగివచ్చు పట్టణమే కనఁబడును.

తిరుమల నీడలోఁ బుట్టిన మన కీ భావము వింత కాదు. ఏడుకొండల నెలవును మనము "కలియుగ వైకుంఠ" మందుము. వైకుంఠ మెచ్చటనో యున్నదని యూరకుండక, స్వామి మనకొఱకు దిగివచ్చి యిచ్చట నిలిచినాఁడని నమ్ముదుము. సాలోక్య సామీప్య సారూప్య సాయుజ్యములని ముక్తిని నాలుగు విధములుగాఁ జెప్పుటయు, అద్వైతులు జీవన్ముక్తిని విదేహముక్తిని వేఱుపఱచుటయు మన మెఱిఁగినదే. అయినను రెండింటి నొకటి చేయుట తగదు. క్రైస్తవులకు దేవుని నివాసము కొండ కాదు, అర్చామూర్తి కాదు; క్రీస్తనెడు నొక్క వ్యక్తి, ఆయనను నమ్మినవారి కూటము. పోలిక పొరుగువాని మాటను దెలిసికొనుటకుఁ జాలును. వాని మతమును మన మతముగాఁ జెప్పుటకుఁ జాలదు.

ఇచ్చట నొక యాక్షేపము కలదు. "సన్నిధి యిచ్చటనే కలదన్నచోఁ జచ్చినవారి మాట యేమి?" 1876 మొదలు 1878 వఱకుఁ గాల్చిన ధాతుకఱవులో మనసీమ యెంత తల్లడిల్లెనో మన ముత్తాతలు కథలుగాఁ జెప్పిరి. బిడ్డను మట్టిలోఁ బెట్టిన తల్లికి "దేవుఁడు నేఁడే నీతో నున్నాఁడు" అన్న మాట యొక్కటి చాలునా? చాలదు. అందుచేతనే క్రైస్తవులు పునరుత్థానమును, రాఁబోవు క్రొత్త భూమిని విడువలేదు. పాత బోధకులలోఁ బెక్కురు మరణము, తీర్పు, నరకము ననువానినే గట్టిగాఁ బ్రకటించిన మాటయు నిజమే. వారి శాస్త్రమును జక్కఁగాఁ జదివినవారు చెప్పున దేమనఁగా: ఇప్పటి సహవాసము మొలక, అప్పటి పరలోకము పంట. మొలక లేనిచోఁ బంట రాదు. మొలకయే పంట యనుటయుఁ దగదు.

ఈ భావము కార్యరూపమున నెట్లుండునో తెలియుటకు మదనపల్లె దాపుననున్న ఆరోగ్యవరమును జూడుఁడు. పెక్కు మిషనులు గూడి 1912లో క్షయరోగుల కొఱకు స్థాపించిన వైద్యశాల యది. డేనిషు వైద్యుఁడు ఫ్రిమోత్ మోలరు దానికిఁ దొలి పెద్ద. క్షయకుఁ దగిన మందు స్ట్రెప్టోమైసిను 1943లోఁ గాని కనిపెట్టఁబడలేదు. అంతకుముందు ముప్పదియేండ్లు వైద్యులు రోగికి నీయఁగలిగినది మంచి గాలి, విశ్రాంతి, పుష్టియైన యాహారము, కొందఱికి శస్త్రచికిత్స. అన్నిటికంటె ముఖ్యముగాఁ దోడు. ఆ కాలమున క్షయ యన్న మాట వినిన నయినవారే దూరముగా నిలిచెడివారు. నయమగునని మాట యీయలేని రోగి ప్రక్కన నెలల తరబడి నిలుచుట సులభమా? పరలోకమనఁగాఁ జచ్చినపిమ్మటి సుఖమే యైనచో, రోగికిఁ బ్రార్థన చెప్పి పంపివేసినఁ జాలును. దేవుఁడు మనుష్యుల నడుమ నివసించుటయే పరలోకమని నమ్మినవాఁడు మాత్రము రోగి మంచమును విడువలేఁడు. ఆ వైద్యశాల యొక మతము సత్యమనుటకు సాక్ష్యమని నేను జెప్పుట లేదు. ఒక మాటకు మనుష్యులు తమ నడవడిచేత నెట్టి యర్థము చెప్పఁగలరో తెలుపు దృష్టాంతమని మాత్రమే చెప్పుచున్నాను.

పెద్దలారా! మన పల్లెలలో నొక వీధిని రామభజనయు, మఱియొక వీధిని క్రైస్తవ కీర్తనయు వినవచ్చుచుండును. "వారికి లోకముతోఁ బని లేదు, చచ్చినతరువాతి సంగతియే వారికిఁ గావలయును" అని మనలోఁ గొందఱు తేలికగాఁ ద్రోసివేయుట కలదు. చెఱువు పనికి, బడి పనికి, ఊరి తగవులు దీర్చుటకు వారిని బిలువకుండుటకు నిదియొక నెపమగుచున్నది. వారి పరలోకము వారి గ్రంథము చొప్పున నీ యూరినుండియే మొదలు గావలయును. కావున మన మూరి మేలునకు వారిని బిలుచుట వారి ధర్మమునకు భంగము గాదు. దానిని జ్ఞాపకము చేయుటయే యగును. వారును దమ మాట యర్థమును మఱవక మనతోఁ గలసి రావలయును. దేవుఁ డెచ్చట నివసించు నను ప్రశ్నకు మనము వేర్వేఱు సమాధానములు చెప్పుదుము గాక. ఆయన నివసింపఁదగినట్లుగా నూరి నుంచుకొనుట యందఱకును సమానమైన పని.

ఇంతటితో విరమించుచున్నాను. స్వస్తి.