దోమకు ఒక అణా: సికింద్రాబాదు మలేరియా పరిశోధన – ఆర్థిక పార్శ్వం

1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో ఇండియన్ మెడికల్ సర్వీసు వైద్యాధికారి రొనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. 1902లో లభించిన నోబెల్ బహుమతి ఈ ఘట్టాన్ని విజ్ఞానశాస్త్ర విజయంగా స్థిరపరచింది. అయితే అందులో ఒక ఆర్థిక వ్యవహారం కూడా ఇమిడి ఉంది. ఆ దోమలకు రక్తమిచ్చినవాడు హుసేన్ ఖాన్ అనే రోగి. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున రాస్ అతనికి చెల్లించాడు. బేగంపేట భవనానికి రాస్ పేరు నిలిచింది. హుసేన్ ఖాన్ ఆ అణాల ప్రస్తావనలోనే మిగిలాడు.

చలిజ్వరానికీ పేదరికానికీ గల సంబంధం సేద్యపు కాలచక్రంలో స్పష్టమవుతుంది. వానలకు దోమలు పెరిగే నెలలూ, నాట్లు, కలుపుతీతలు, కోతలు సాగే నెలలూ దాదాపు ఒకటే. భూమి గలవాడు జ్వరపడితే మరొకరిని పనికి పెట్టుకొంటాడు. కూలివాడు మంచం పడితే ఏడాది తిండికి ఆధారమైన పని దినాలే పోతాయి. ఆ లోటు పూడ్చటానికి చేసిన అప్పు జ్వరం తగ్గాక కూడా తీరదు. వలస ప్రభుత్వం మాత్రం ప్రధానంగా సైనికుని జ్వరాన్నే లెక్కించింది. 1902లో దోమల నిర్మూలన ప్రయోగానికి లాహోరు సమీపంలోని మియాన్ మీర్ కంటోన్మెంటును ఎంచుకోవటం యాదృచ్ఛికం కాదు.

1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం ప్రారంభమయ్యే నాటికి దేశంలో ఏటా 7.5 కోట్ల మంది మలేరియా బారిన పడుతున్నారనీ, 8 లక్షల మంది మరణిస్తున్నారనీ అంచనా. డీడీటీ చల్లకం ఫలితంగా 1965 నాటికి కేసులు సుమారు లక్షకు తగ్గాయి. ఈ తగ్గుదల ఆర్థిక ఫలితంపై పరిశోధకులలో ఏకాభిప్రాయం లేదు. వ్యాధుల అదుపు వల్ల ఆయుర్దాయంతోపాటు జనాభా కూడా పెరిగిందనీ, తలసరి ఆదాయం మాత్రం పెరగలేదనీ 2007లో ఏస్‌మొగ్లూ, జాన్సన్ వాదించారు. భారతదేశంపై కట్లర్ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనం, బాల్యంలో మలేరియా తప్పినవారి కుటుంబ వినియోగం పెద్దయ్యాక కొంత మెరుగైందని తేల్చింది. ఈ లాభం స్త్రీలలో కంటె పురుషులలో అధికం. ఈ రెండు నిర్ణయాలూ పరస్పర విరుద్ధాలు కావు: మొదటిది దేశపు సగటును కొలిచింది, రెండవది ఇంటి ఖర్చును. పేదరికాన్ని చర్చించేటప్పుడు రెండవ కొలమానమే ఎక్కువ ఉపయుక్తం. రోగికి సేవచేసే స్త్రీ శ్రమ మాత్రం ఈ రెండింటికీ అందదు.

1976లో కేసులు తిరిగి 64 లక్షలు దాటాయి. మరుసటి ఏడాది అమలుకు వచ్చిన సవరించిన కార్యాచరణ ప్రణాళిక నిర్మూలన లక్ష్యాన్ని విడిచి, మరణాల నివారణ, వ్యాధి తగ్గింపులతోపాటు పారిశ్రామిక, వ్యవసాయోత్పత్తుల పరిరక్షణను లక్ష్యంగా పేర్కొంది. ఉత్పత్తికి అందులో చోటు దక్కింది; కూలివాని దినవేతనం విడిగా కనిపించదు.